పేరు ఇవ్వు, మైకు నీదే

సిడ్నీ శివార్లలోని బ్యాంక్స్‌టౌన్‌లో జీతం భత్యం లేని కొందరు నెలనెలా కుర్చీలు వేసి, కుర్రకారును కవిత చెప్పమని ఎదురుగా కూర్చుంటారు. మన ఊళ్లో మైకు అందని పిల్లల కోసం వాళ్ల కథ.

ఉగాది కవి సమ్మేళనంలో నా పేరు పిలిచేసరికి మధ్యాహ్నం రెండున్నర. పదింటికి మొదలవ్వాల్సిన సభ ముఖ్య అతిథి కోసం పదకొండున్నర దాకా ఆగింది. ఆయన వచ్చాక జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, అధ్యక్షుల తొలిపలుకులు, ఆత్మీయ అతిథుల ఆత్మీయత, ఆపైన శాలువాలు. పెద్ద కవులు ఒక్కొక్కరూ 'రెండు మాటలు చెప్పి కవితలోకి వెళ్తాను' అంటూ ఇరవై నిమిషాలు తీసుకున్నారు. తమ కవిత అయిపోగానే పులిహోర వైపు నడిచారు. నా వంతు వచ్చేసరికి హాల్లో మిగిలింది నాలాంటి కుర్రకవులు ఆరుగురు, వాచ్‌మన్, సౌండు కుర్రాడు. నేను సగంలో ఉండగానే ఆ కుర్రాడు స్పీకరు వైరు చుట్టడం మొదలుపెట్టాడు. అతన్ని అనడానికేం లేదు, సాయంత్రం వేరేచోట పెళ్లి రిసెప్షన్ ఒప్పుకున్నాడు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఇంటికొచ్చి ఆ కవిత చింపలేదు గానీ, మళ్లీ ఆ సభ గడప మాత్రం తొక్కలేదు.

ఈ జబ్బు మనకొక్కరికే ఉందనుకునేవాణ్ని. కాదట. దీనికి మందు కూడా ఉందట. ఆస్ట్రేలియాలో ఒక శివారు ఊరి కుర్రవాళ్లు 2013లోనే దాన్ని తమ ఊళ్లో వాడి చూశారు. వాళ్ల సభలో ముఖ్య అతిథి ఉండడు, శాలువాలు ఉండవు. చదవదల్చుకున్నవాళ్లు పేరు ఇవ్వాలి, పిలిచినప్పుడు మైకు ముందుకు రావాలి. రెండు మూడు నిమిషాల్లో చెప్పదల్చుకున్నది చెప్పి దిగిపోవాలి. ఆ రెండు మూడు నిమిషాలూ హాలు మొత్తం వింటుంది. దాని పేరు బ్యాంక్స్‌టౌన్ పొయెట్రీ స్లామ్.

వా సోదరుల ఊరు

బ్యాంక్స్‌టౌన్ పేరు క్రికెట్ పిచ్చి ఉన్న మనవాళ్లు వినే ఉంటారు. స్టీవ్ వా, మార్క్ వా కవలలు ఆడిన క్లబ్బు అక్కడిదే. 1991 నుంచి 1996 దాకా ఆస్ట్రేలియా ప్రధానిగా చేసిన పాల్ కీటింగ్ పెరిగిందీ అక్కడే. సిడ్నీ నడిబొడ్డు నుంచి నైరుతి దిక్కుగా వెళ్తే వస్తుంది. కానీ ఒపేరా హౌస్, హార్బర్ బ్రిడ్జి పోస్టుకార్డుల్లో ఉండే సిడ్నీకీ దీనికీ చుట్టరికం తక్కువ. 1975లో లెబనాన్‌లో అంతర్యుద్ధం మొదలైంది, అదే ఏడు వియత్నాంలో సైగాన్ పడిపోయింది. రెండు దేశాల నుంచీ పెట్టే బేడా పట్టుకుని వచ్చినవాళ్లు చాలామంది ఈ చుట్టుపక్కలే అద్దె ఇళ్లు వెతుక్కున్నారు. తర్వాత ఇంకెన్నో దేశాలవాళ్లు వచ్చి చేరారు. ఇప్పుడు అక్కడి బజారులో ఒక కొట్టు ముందు అరబ్బుల జాతర్ రొట్టె వాసన, పక్క కొట్టు ముందు వియత్నాం ఫో సూపు వాసన.

ఆ ఊరి పేరు మిగతా సిడ్నీకి వేరే రకంగా వినపడేది. పశ్చిమ సిడ్నీ వాళ్లను 'వెస్టీ' అనడం ఒక వెక్కిరింత. పత్రికల్లో ఈ పక్క ఊళ్ల పేర్లు వచ్చాయంటే ముఠాలో, తుపాకులో అయి ఉండేవి. 2005 డిసెంబర్ 11న సిడ్నీ క్రొనుల్లా బీచ్‌లో సుమారు 5,000 మంది గుంపు చేరి, మధ్యప్రాచ్యం పోలికలు కనిపించినవాళ్లను తరిమి కొట్టింది. రమ్మనే పిలుపులు ముందే సెల్‌ఫోన్ మెసేజీల్లో తిరిగాయి. ఆ రోజు టీవీ ముందు కూర్చున్న పదేళ్ల పిల్లలు 2013కి పద్దెనిమిదేళ్లవాళ్లయ్యారు. తమ గురించి రేడియోలో, టీవీలో, పార్లమెంటులో ఎవరెవరో మాట్లాడుతుంటే వింటూ పెరిగిన పిల్లలు వాళ్లు. వాళ్లను అడిగినవాడు లేడు.

ఆ ఏడు సారా మన్సూర్, అహ్మద్ అల్ రాడీ అనే ఇద్దరు కలిసి ఈ స్లామ్ మొదలుపెట్టారు. సారా అప్పటికి చదువుకుంటున్న అమ్మాయి, తర్వాత న్యాయవాది అయ్యారు. చోటు, బ్యాంక్స్‌టౌన్ ఆర్ట్స్ సెంటర్. నెలకొక మంగళవారం రాత్రి. క్రమం తప్పకుండా జరిగే స్లామ్‌లలో ఆస్ట్రేలియా మొత్తంలో ఇదే పెద్దదని పేరు తెచ్చుకుంది. కవిత్వానికి వందలమంది, అదీ వారం మధ్యలో, అదీ 'అక్కడ కవిత్వం ఎవరు వింటారు' అనిపించుకున్న ఊళ్లో.

చోటు ఎంపికలోనే సగం తెలివి ఉందంటాను. ఇలాంటి కవితా రాత్రులు పుట్టింది బార్లలో. బారులో పెడితే బడి పిల్లలు రాలేరు, హిజాబ్ కట్టుకున్న అమ్మాయి రాదు, కూతురు కవిత వినాలని ఉన్న తల్లి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఊరి కళాకేంద్రంలో పెడితే నాయనమ్మ కూడా వచ్చి ముందు వరుసలో కూర్చుంటుంది. కవిత ఏ భాషలో ఉందో తెలియకపోయినా మనవరాలి గొంతు తెలుస్తుంది కదా.

మేనమామ మార్కులు కొట్టేస్తారు

స్లామ్ అనే ఆట పుట్టింది షికాగోలో. భవన నిర్మాణంలో పనిచేసే మార్క్ స్మిత్ అనే కవికి అప్పటి కవితా పఠనాలంటే విసుగు. తలెత్తకుండా కాగితం చూసి గొణిగే కవి, మొహమాటానికి చప్పట్లు కొట్టే పదిమంది. 1984లో ఒక చిన్న బారులో కవిత్వాన్ని నాటకంలా వినిపించడం మొదలుపెట్టి, 1986 జులైలో గ్రీన్ మిల్ అనే పాత జాజ్ క్లబ్బుకు మారాడు. ఒకప్పుడు మాఫియా నాయకుడు అల్ కపోన్ మనుషులు కూర్చున్న క్లబ్బు అది. అక్కడ పోటీ పెట్టాడు. స్లామ్ అన్న మాట బేస్‌బాల్ ఆటలోది.

నియమాలు తేలిక. కవిత సొంతం అయి ఉండాలి. మూడు నిమిషాలు, ఆపైన పది సెకన్ల మినహాయింపు. అది కూడా దాటితే మార్కులు కోత. వాయిద్యాలు, వేషాలు, చేతిలో వస్తువులు పనికిరావు. న్యాయనిర్ణేతలు ఐదుగురు. వాళ్లు పండితులు కారు, ఆ సాయంత్రం వచ్చిన ప్రేక్షకుల్లోంచే ఐదుగురి చేతిలో అట్టలు పెడతారు. సున్నా నుంచి పది దాకా ఎంతైనా వేయొచ్చు, దశాంశాలతో సహా. ఐదింటిలో అన్నిటికన్నా ఎక్కువదీ అన్నిటికన్నా తక్కువదీ కొట్టేసి మిగతా మూడూ కలుపుతారు. 7.8, 8.1, 8.4, 9.0, 9.9 వచ్చాయనుకోండి, 7.8 పోయింది, 9.9 పోయింది, మిగిలింది 25.5. ఆ 9.9 వేసినాయన కవి మేనమామ అయి ఉండొచ్చు. ఆ 7.8 వేసినావిడకు కవి అంటే పడకపోవచ్చు. ఇద్దరి లెక్కా ఒకేసారి సరిపోయింది. మన అవార్డుల కమిటీలు ఈ సూత్రం ఒక్కటి అరువు తెచ్చుకున్నా బాగుండునని నాకెప్పటి నుంచో ఉంది.

పోటీ మొదలయ్యే ముందు, పోటీలో లేని కవి ఒకరు వచ్చి ఒక కవిత చదువుతారు. జడ్జీలు చేయి తిప్పుకోవడానికి. అతన్ని బలి కవి అంటారు. మొదట చదివినవాళ్లకు తక్కువ మార్కులు, పోనుపోను ఎక్కువ మార్కులు పడటం స్లామ్‌లో అందరికీ తెలిసిన జబ్బు. ఆ మొదటి దెబ్బ ఇతను కాస్తాడు.

కవిత్వానికి మార్కులేమిటని నొసలు ముడిచేవాళ్లకు స్మిత్ లాంటివాళ్లు చెప్పే సమాధానం ఒకటే: మార్కులు ఎర. జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టే ఎర. పక్కవాడు తక్కువ వేశాడని గొడవ పడాలంటే ముందు కవిత శ్రద్ధగా వినాలి. ఈ సంగతి మనకు కొత్తేమీ కాదు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులను చుట్టూ కూర్చోబెట్టి, అందులో ఒకరికి అప్రస్తుత ప్రసంగం అప్పజెప్పి, అవధాని ఎక్కడ తడబడతాడా అని ఊరంతా గుడ్లప్పగించి చూడటం అలాంటి ఎరే. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగింది ఆ ఉత్కంఠ మీదే. పద్యనాటకంలో 'వన్స్‌మోర్' అని అరిచిన నేలటిక్కెట్టువాడు ఆనాటి జడ్జి. అతని చేతిలో అట్ట లేదు, అంతే తేడా.

షికాగో నుంచి సిడ్నీకి ఈ ఆటను మోసుకొచ్చినవాళ్లలో ముఖ్యుడు మైల్స్ మెరిల్. షికాగోలో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడి, దేశవ్యాప్తంగా ఆస్ట్రేలియన్ పొయెట్రీ స్లామ్ నడిపించాడు. అక్కడ మూడు నిమిషాలు కూడా లేదు, రెండే. మార్కులిచ్చే ఆ ఆట బ్యాంక్స్‌టౌన్ చేరేసరికి దానికి మరో పని పడింది. ఎవరూ పిలవని పిల్లల్ని పేరు పెట్టి మైకు ముందుకు పిలవడం.

నీళ్ల సీసాతో తలుపు దగ్గర

కవిత్వపు సాయంత్రం అనగానే కవులు గుర్తొస్తారు. నిజానికి అందులో ముప్పాతిక వంతు చాకిరీ. హాలు మాట్లాడాలి. కుర్చీలు వేయాలి, రాత్రి మళ్లీ పేర్చాలి. మైకు 'హలో, చెక్' అనిపించాలి. పేర్లు రాసుకోవాలి. గడియారం చూసేవాళ్లు ఒకరు, మార్కులు కూడేవాళ్లు ఒకరు. ఉద్యోగాలు, చదువులు, చంటిపిల్లలు ఉన్నవాళ్లే పని అయ్యాక వచ్చి ఇవన్నీ చేస్తారు. పైసా రాదు. అందుకే ఇలాంటి బృందాలు చాలాచోట్ల రెండో ఏటో మూడో ఏటో ఆగిపోతాయి. ఒకరిద్దరే అన్నీ నెత్తినేసుకుంటారు, వాళ్లు అలిసిపోగానే తాళం పడుతుంది. బ్యాంక్స్‌టౌన్ పదేళ్లు దాటి నిలబడిందంటే అక్కడ పని చేతులు మారుతూ వచ్చిందని అర్థం. నిన్న వణుకుతూ కవిత చదివిన పిల్ల రేపు పేర్ల జాబితా పట్టుకుంటుంది. ఎల్లుండి మైకు పట్టుకుని సభ నడిపిస్తుంది.

సభ నడిపించేవాళ్ల పని అన్నిటికన్నా కష్టం. మొదటిసారి ఎక్కుతున్న పిల్లను 'ఈమెకిది మొదటిసారి' అని చెప్పి పిలవాలి. ఆ మాట వినగానే హాలు రెండింతలు చప్పట్లు కొట్టడం స్లామ్‌లలో ఆచారం. కవిత మధ్యలో మాట మర్చిపోయి గుడ్లనీళ్లు కుక్కుకుంటే హాలు మౌనంగా చూడదు. వేళ్లతో చిటికెలు వేస్తుంది. చప్పట్లయితే గొంతు మునిగిపోతుంది, చిటికెలైతే మేమున్నాం అన్నట్టు ఉంటుంది. ముషాయిరాలో వాహ్ వాహ్ ఎలాగో ఇది అలాగ. మర్చిపోయిన మాట తిరిగి దొరికేదాకా ఆ చిటికెలు ఆగవు. వైరు చుట్టేవాడు ఆ హాల్లో ఉండడు.

ఇంకొకరుంటారు. బాగా నడిచే ప్రతి బృందంలోనూ ఉంటారు, పోస్టర్ మీద మాత్రం ఉండరు. వెనక తలుపు దగ్గర నీళ్ల సీసా పట్టుకుని నిలబడే మనిషి. కవిత చదివి దిగి, ఎవరి మొహం చూడకుండా బయటికి పరుగెత్తే పిల్లలుంటారు. ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి మూడొందల మందికి చెప్పేశాక కాళ్లు నిలవవు. అప్పుడు వెనకే వెళ్లి, ఏమీ అడక్కుండా సీసా అందించి, మెట్ల మీద పక్కన కూర్చునేవాళ్లు కావాలి. నన్నడిగితే ఆ బృందానికి అసలు అధ్యక్షులు వాళ్లే.

బ్యాంక్స్‌టౌన్ వాళ్లు సాయంత్రంతో ఆగలేదు. 'రియల్ టాక్' పేరుతో పశ్చిమ సిడ్నీ హైస్కూళ్లకు కవుల్ని పంపి వర్క్‌షాపులు పెట్టారు. ఇలాంటి వర్క్‌షాపుల్లో ఛందస్సు చెప్పరు, నీతి చెప్పరు. నీ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? టీచరు దాన్ని ఎలా పలుకుతుంది? మీ వంటింట్లో పొద్దున్నే వినపడే మూడు చప్పుళ్లు ఏవి? ఐదు నిమిషాలు పెన్ను ఎత్తకుండా రాయి. రాసింది పక్కవాడికి చదివి వినిపించు. 'నాకు కవిత్వం రాదు' అన్న కుర్రాడు కుక్కరు కూతల గురించి పన్నెండు లైన్లు రాసేస్తాడు. మన పిల్లలకు కవిత్వం అనగానే ప్రతిపదార్థం గుర్తొస్తుంది. పద్యం కింద గీత, గీత కింద భావం, భావం కింద టీచరు ఎర్ర టిక్కు. ఆ పద్యంలో తమకూ ఒక లైను ఉండొచ్చని ఎవరూ చెప్పలేదు.

ఇలాంటి జీతం లేని చాకిరీ ఎక్కడిదాకా వెళ్తుందో ప్రపంచమంతా ఒకసారి చూసింది. 2021 జనవరి 20న అమెరికా అధ్యక్షుడిగా జో బైడెన్ ప్రమాణస్వీకారంలో పసుపుపచ్చ కోటు వేసుకుని కవిత వినిపించిన 22 ఏళ్ల అమండా గోర్మన్ గుర్తుంది కదా. చిన్నప్పుడు ఆమెకు 'ర' పలికేది కాదు. లాస్ ఏంజెలెస్‌లో 2001లో మొదలైన రైట్‌గర్ల్ అనే సంస్థలో పెరిగిన పిల్ల. రచనే వృత్తిగా ఉన్న ఆడవాళ్లు స్వచ్ఛందంగా వచ్చి హైస్కూలు ఆడపిల్లల పక్కన కూర్చుని రాయిస్తారక్కడ. 2017లో ఆమె అమెరికా తొలి జాతీయ యువ ఆస్థానకవి అయింది. అయితే ఈ ఉదాహరణ చెప్పాక నాలిక కరుచుకుంటున్నాను. వెయ్యిమంది పిల్లలకు మైకిస్తే అందులో గోర్మన్ ఒక్కతీ రాకపోవచ్చు. ఏం ఫర్వాలేదు. ఆ వెయ్యిమందీ నర్సులో, ఎలక్ట్రీషియన్లో అవుతారు. గ్రామసభలో లేచి 'సార్, నాదో ప్రశ్న' అనగలిగితే ఆ మూడు నిమిషాలకు లెక్క సరిపోయినట్టే.

ఇంట్లో భాష, బడిలో గొంతు

బ్యాంక్స్‌టౌన్ వీడియోలు చూస్తుంటే నన్ను పట్టుకున్నది ఆ యాస. టీవీలో వార్తలు చదివే ఇంగ్లిష్ కాదది. వాక్యం మధ్యలో అరబిక్ మాట పడుతుంది, దానికి అర్థం చెప్పరు. అర్థమైనవాళ్లు నవ్వుతారు, కానివాళ్లు పక్కవాళ్లను అడుగుతారు. బడిలో సరిదిద్దిన గొంతును మైకు ముందు ఇంటి గొంతుకు మార్చుకోవడం అది. తెలుగువాడికి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. సినిమాల్లో తెలంగాణ మాట చాలాకాలం రౌడీకో, పనివాడికో పరిమితమైంది. రాయలసీమ మాట వస్తే కత్తి బయటికి రావాల్సిందే. ఉత్తరాంధ్ర మాట వస్తే నవ్వాల్సిందే. బడి పలుకు ఒకటి, బతుకు పలుకు ఇంకొకటి అన్న గొడవను జీవితాంతం మోసిన కవి కాళోజీ పుట్టినరోజు, సెప్టెంబర్ 9, తెలంగాణ భాషా దినోత్సవం అయింది. ఆ రోజు సభల్లో మాట్లాడేది మళ్లీ పెద్దవాళ్లే అన్నది వేరే సంగతి.

ఇందులో మనకు మరో లింకు ఉంది. 2021 జనగణన ప్రకారం ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఆస్ట్రేలియాలో 59 వేల పైచిలుకు. సిడ్నీలో వాళ్ల ఇళ్లు ఎక్కువగా ఉండేది ఈ పశ్చిమం వైపే. వెంట్‌వర్త్‌విల్, వెస్ట్‌మీడ్, పరమట్టా. అమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబిచ్చే పిల్లలు ఆ ఇళ్ల నిండా ఉన్నారు. తల్లిదండ్రులు వాళ్లను శని ఆదివారాలు తెలుగు బడికి పంపుతారు, సంక్రాంతికి పద్యాల పోటీ పెడతారు. మంచిదే. కానీ పద్యం వేమనది, గొంతు మాత్రమే పిల్లది. 'అమ్మమ్మ వీడియో కాల్‌లో ఏడుస్తుంటే నాకు ఏమనాలో తెలుగులో రాలేదు' అని ఆ పిల్లే సగం తెలుగులో, సగం ఇంగ్లిష్‌లో చెప్పే చోటు తెలుగు బడిలో ఉండదు. స్లామ్‌లో ఉంటుంది.

గాయానికి ఎన్ని మార్కులు?

ఇంత మెచ్చుకున్నాక ఇబ్బందులూ చెప్పాలి. అవి చిన్నవి కావు.

ఏడిపించిన కవితకు ఎక్కువ మార్కులు పడతాయి. పదహారేళ్ల పిల్లకు ఈ రహస్యం రెండు నెలల్లో తెలిసిపోతుంది. అప్పట్నుంచి తన జీవితంలో అన్నిటికన్నా లోతైన గాయం ఏదో వెతుక్కుంటుంది. అది చదివి గెలిస్తే వచ్చే నెల ఇంకా లోతుకు తవ్వాలి. నవ్వించే కవితకు, పెరట్లో చింతచెట్టు మీద కవితకు పోటీలో చోటు తగ్గిపోతుంది. అన్ని కవితలూ ఒకే ఊపులో, ఒకే చోట గొంతు పెంచి, ఒకే చోట ఆగి, అరచేతులు ఒకేలా తిప్పుతూ వినపడతాయి. పాశ్చాత్య దేశాల్లో స్లామ్ మీద ఉన్న పెద్ద ఫిర్యాదుల్లో ఇదొకటి, కాదనలేం. దీనికి మందు కూడా జీతం లేనివాళ్ల చేతుల్లోనే ఉంది. మార్కుల్లేని ఓపెన్ మైక్‌ను పోటీ పక్కనే నడపడం. 'ఇది చదవాలని నీకుందా, చదివితే బాగుంటుందని ఎవరైనా అన్నారా?' అని ముందే ఒక పెద్ద దిక్కు అడగడం.

రెండోది అంతకన్నా బరువైంది. పిల్లలు మనసు విప్పే చోట పెద్దలకు అధికారం వస్తుంది. షికాగోలో 2001లో మొదలైన 'లౌడర్ దాన్ ఎ బాంబ్' అనే యువ కవితోత్సవం అమెరికాలో ఎన్నో ఊళ్లకు దారి చూపింది, దాని మీద 2010లో డాక్యుమెంటరీ కూడా వచ్చింది. లైంగిక దుష్ప్రవర్తన ఫిర్యాదులను పట్టించుకున్న తీరు మీద ఆరోపణలతో 2021లో దాన్ని నడిపే సంస్థ నాయకత్వం పోయింది, ఆ పేరు కూడా పోయింది. మంచిపని చేస్తున్నాం కదా, నియమాలెందుకు అనుకునే ప్రతి స్వచ్ఛంద బృందం ఈ కథ గోడకు అంటించుకోవాలి. పిల్లలతో పెద్దవాళ్లెవరూ ఒంటరిగా ఉండకూడదు. రాత్రిపూట విడి మెసేజీలు ఉండకూడదు. ఫిర్యాదు వస్తే వినాల్సింది ఆ బృందానికి బయటి మనిషి.

మూడోది వీడియో. చదివిన పిల్ల ఒప్పుకోకుండా రీల్ పెట్టొద్దు. ఒప్పుకున్నా వారం ఆగి మళ్లీ అడగాలి. హాల్లో చిటికెలు వేసిన మూడొందల మంది వేరు, కామెంట్లలో కాచుకుని కూర్చున్న మూడు లక్షల మంది వేరు. తెలుగు సోషల్ మీడియాలో ఒక ఆడపిల్ల గొంతెత్తితే ఏం జరుగుతుందో ఈ వాక్యం చదువుతున్న మీకు నేను చెప్పేదేముంది.

రిక్షా పాండు ఆవిష్కరించిన పుస్తకం

నోటి కవిత్వానికి మనం సిడ్నీ వైపో, షికాగో వైపో చూడాలా అని కొందరు కోప్పడతారని తెలుసు. ఆ కోపంలో న్యాయముంది. బుర్రకథ, ఒగ్గుకథ, హరికథ, అవధానం, ముషాయిరా అన్నీ మన నేల మీదివే. 1965లో హైదరాబాద్‌లో ఆరుగురు యువకులు దిగంబర కవులుగా తమ తొలి సంపుటిని అర్ధరాత్రి వేళ నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడితో ఆవిష్కరింపజేశారు. తర్వాతి సంపుటాన్ని విజయవాడలో హోటల్ కార్మికుడు జంగాల చిట్టి, మూడోదాన్ని విశాఖలో యాదమ్మ అనే యాచకురాలు ఆవిష్కరించారు. ముఖ్య అతిథి అనే పదవిని అంత చక్కగా వాడుకున్న సభలు ఆ తర్వాత నేను వినలేదు. జననాట్యమండలి గద్దర్ గొంగడి భుజాన వేసుకుని నిలబడితే మైదానాలు నిండిన కాలం మన తల్లిదండ్రులు చూశారు.

వీటిలో ఒక్కటి మాత్రం దొరకదు. ఏ ఉద్యమమూ లేని మామూలు నెలలో, ఏ పండగా లేని మామూలు మంగళవారం, ఇంకా ఎవరూ కాని పదిహేడేళ్ల కుర్రాడు వెళ్లి పేరు ఇవ్వగలిగే చోటు. అవధానానికి సాధన కావాలి. ఒగ్గుకథకు గురువు కావాలి. కవి సమ్మేళనానికి ఆహ్వానం కావాలి. స్లామ్‌కు పేరుంటే చాలు.

ఆ లోటు తీర్చే ప్రయత్నాలు కొన్ని జరగకపోలేదు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో లామకాన్ 2010లో తలుపులు తెరిచింది. డాక్యుమెంటరీ, ఫొటోగ్రఫీ రంగాల మనిషి మొయిద్ హసన్ నివాసం అది. ఆయన తర్వాత కుటుంబం, మిత్రులు కలిసి దాన్ని అందరి చోటుగా మార్చారు. బండరాళ్ల మధ్య చిన్న వేదిక, చవక చాయ్, సమోసా. నాటకం, చర్చ, పాట, ఓపెన్ మైక్. ఉర్దూ, ఇంగ్లిష్, తెలుగు, హిందీ ఏదైనా సరే. అక్కడ మొదటిసారి మైకు పట్టుకున్న కుర్రవాళ్లు నగరంలో చాలామంది కనిపిస్తారు. పుణేలో 2013లో మొదలైన ఎయిర్‌ప్లేన్ పొయెట్రీ మూవ్‌మెంట్ లాంటివి దేశంలో ఇంగ్లిష్ స్పోకెన్ వర్డ్‌కు దారి వేశాయి. అయితే ఇవన్నీ నగరాలే. బంజారాహిల్స్‌కు ఆటో దిగి నడిచే కుర్రాడికి దొరికిన మైకు నారాయణఖేడ్ జూనియర్ కాలేజీ అమ్మాయికీ, కదిరిలో మెకానిక్ షెడ్డు కుర్రాడికీ ఎవరివ్వాలి?

హాల్లేవనకండి. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టాయి. ఊరి జనం చందాలతో, జీతం లేని చాకిరీతో నిలబెట్టినవి. ఆ గ్రంథాలయోద్యమం వదిలి వెళ్లిన వారసత్వంగా రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఊళ్లలో శాఖా గ్రంథాలయమంటూ ఒకటి ఉంటుంది. ఫ్యాను ఉంటుంది, బెంచీలుంటాయి, పోటీ పరీక్షల పుస్తకాల మీద తలవాల్చిన నలుగురు కుర్రవాళ్లు ఉంటారు. సాయంత్రం మూశాక అదంతా ఖాళీ.

కావలసినవి చెప్తాను, రాసుకోండి. నెలకొక సాయంత్రం, ఎప్పుడూ అదే వారం, అదే వేళ. ముగ్గురు మనుషులు, వాళ్లలో కనీసం ఒకరు ఆడమనిషి. గడియారం ఒకటి. నీళ్ల సీసాలు రెండు. మైకు లేకపోయినా నడుస్తుంది, ముప్పై మందికి గొంతు చాలు. మొదటి నెల నలుగురే వస్తారు, అందులో ఇద్దరు మీ చుట్టాలే అయి ఉంటారు. రెండో నెల వాన పడుతుంది. మూడో నెల కూడా తలుపు తీయండి. ఫ్లెక్సీ వేయొద్దు, ఎమ్మెల్యే గారిని పిలవొద్దు, శాలువా కొనొద్దు. కవితలు బాగుండవు, ఆ మాట పైకి అనొద్దు. ఎవరైనా 'రెండు మాటలు చెప్పి కవితలోకి వెళ్తాను' అంటే మాత్రం వెంటనే గంట కొట్టండి.

ముందుగా ఒక్క పని చేయండి. మీ ఊరి గ్రంథాలయం తాళం ఎవరి దగ్గరుందో రేపే కనుక్కోండి.